ప్రిన్సిపాల్ గార్లకి: చెప్పుకోడానికి వచ్చిన పిల్లాడిని ఒంటరిని చెయ్యకండి

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఇంజినీరింగ్, డిగ్రీ, ఫార్మసీ, పాలిటెక్నిక్ కాలేజీల ప్రిన్సిపాల్ గార్లకి, కరస్పాండెంట్ గార్లకి, హాస్టల్ వార్డెన్లకి నమస్కారం అండి.

మళ్ళీ ఆ రోజులొచ్చేశాయి. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ అయిపోయి అలాట్‌మెంట్ ఆర్డర్లు చేతికొచ్చాయి, మార్కాపురం నుంచి మాచర్ల నుంచి కదిరి నుంచి పాడేరు నుంచి పిల్లలు పరుపు చుట్ట, బకెట్టు, సూట్‌కేసు పట్టుకుని మన బస్టాండ్లలో దిగుతున్నారు. మీ గేట్ల మీద ర్యాగింగ్ రహిత ప్రాంగణం అని ఫ్లెక్సీలు కట్టారు, ఎస్ఐ గారినో సీఐ గారినో పిలిచి అవగాహన సదస్సు పెట్టారు, ఫోటో పేపర్లో జిల్లా పేజీల్లో వచ్చింది. అవన్నీ చెయ్యాల్సినవే, చేసినందుకు సంతోషమే. నేను అడిగేది ఆ తర్వాత సంగతి అండి. ఒక ఫస్టియర్ కుర్రాడు ధైర్యం చేసి మీ రూమ్ దాకా వచ్చి సార్ సీనియర్లు ఏడిపిస్తున్నారు అని చెప్పాడనుకోండి, అప్పట్నుంచి మర్నాడు సాయంత్రం దాకా మీ కాలేజీలో ఏం జరుగుద్ది? ఆ పిల్లాడు బతికి బట్టకడతాడా లేదా అనేది ఆ ఒక్క రోజులోనే తేలిపోద్దని నా నమ్మకం, ఈ ఉత్తరం మొత్తం దాని గురించే.

నేను లెక్చరర్ని కాదు, లాయర్ని కాదు. బ్రాడీపేటలో జిరాక్స్, స్టేషనరీ షాపు మాది. చుట్టూ హాస్టళ్ళే కాబట్టి పొద్దున షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి రాత్రి దించేదాకా స్టూడెంట్లతోనే నా బతుకు. అడ్మిషన్ల టైమ్‌లో ర్యాగింగ్ చెయ్యబోమని రాసిచ్చే అండర్‌టేకింగ్ ఫారాలు నా దగ్గరే ప్రింట్ తీసుకుంటారు, పిల్లాడిదొకటి తల్లిదండ్రులదొకటి. యూజీసీ, అంటే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్, రూల్ ప్రకారం ప్రతి ఏడూ ఇవ్వాలది. కౌంటర్ మీద పెట్టి అక్కడే సంతకం చేస్తారు, చాలామంది నాన్నలు అందులో ఏముందో చదవరు, ఎక్కడ పెట్టాలి బాబూ సంతకం అని నన్నే అడుగుతారు. నేను వేలు పెట్టి చూపిస్తా. మా వాడు ర్యాగింగ్ చేస్తే రూల్స్ ప్రకారం వచ్చే శిక్షకి సిద్ధం అని ఆ నాన్న సంతకం పెట్టాడు సరే, మరి మావాడిని ఎవరన్నా ర్యాగింగ్ చేస్తే మీరేం చేస్తారో ఆ నాన్నకి మీరు రాసిచ్చే కాయితం ఏది అండి? ఆ రోజు ఆయన ఫీజు రసీదు, హాస్టల్ రసీదు పట్టుకుని ఊరెళ్ళిపోతాడు, అంతే.

ఇప్పుడు నా కౌంటర్ దగ్గర కనపడే ఇంకో సంగతి చెప్తా. క్లాసులు మొదలైన కొన్ని వారాలకి రాత్రి తొమ్మిది దాటాక ఫస్టియర్ పిల్లలు వస్తారు. రికార్డు పేపర్లు, గ్రాఫ్ షీట్లు, డ్రాయింగ్ షీట్లు కావాలంటారు. ఒక్కడికి కావాల్సినవి కావు, ముగ్గురికి నలుగురికి సరిపడా తీసుకుంటారు. పోయినేడాది ఒక కుర్రాడు రికార్డు అట్టల మీద పేర్లు రాసుకోడానికి స్కెచ్ పెన్ అడిగి అక్కడే నిలబడి రాశాడు, రిజిస్టర్ నంబర్లు చూస్తే అన్నీ ముందేడాది వాళ్ళవి. ముందు రెండు అంకెలు చేరిన సంవత్సరం కదా, రోజూ వందల కాయితాలు చూసేవాడికి అది ఇట్టే తెలిసిపోద్ది. ఎవరివి నాన్నా ఇవి అంటే అన్నయ్యలవి అంకుల్, రాసిస్తున్నా అన్నాడు. నీది రాశావా అంటే తల అడ్డంగా ఊపాడు. కుడిచేతి చూపుడువేలు పక్కన పెన్ను ఒత్తుకుని బొబ్బ లేచి ఉంది. డబ్బులు కూడా వాడే ఇచ్చాడు, ఫోన్‌పే చేస్తుంటే రెండుసార్లు ఫెయిలయ్యి బ్యాలెన్స్ లేక మూడోసారి ఎవరికో ఫోన్ చేసి తక్కువైన డబ్బులు వేయించుకున్నాడు. ఆ ఫోన్ వాళ్ళమ్మకి చేశాడని మాటలు వింటే అర్థమైంది. పుస్తకాలకమ్మా అని చెప్పాడు.

దెబ్బ తగిలితేనే ర్యాగింగ్, బట్టలిప్పిస్తేనే ర్యాగింగ్ అనుకునే వాళ్ళు స్టాఫ్‌లో కూడా ఉన్నారు, మీ వాళ్ళలోనే కొందరు మా షాపుకొచ్చినప్పుడు మాటల్లో విన్నాను, రికార్డు రాయించుకోవడం ఏముందండి సరదాకి అంటారు. 2009లో యూజీసీ ఇచ్చిన రెగ్యులేషన్స్‌లో మూడో క్లాజ్ తీసి చదవండి, ఒక స్టూడెంట్‌కో గుంపుకో ఇచ్చిన చదువు పనిని ఫ్రెషర్ చేత చేయించుకోవడం ర్యాగింగే అని విడిగా రాసుంది. డబ్బులు గుంజడం, బలవంతంగా ఖర్చు పెట్టించడం కూడా అందులోనే ఉంది. 2016లో దానికి ఇంకొంచెం కలిపారు, కులం, మతం, రంగు, రూపం, ఏ ప్రాంతం, ఏ భాష, డబ్బున్నవాడా లేనివాడా అన్నదాన్ని పట్టుకుని వేధించినా ర్యాగింగ్ కిందే వస్తది. శ్రీకాకుళం పిల్లాడి యాసని పదిమందిలో వాడి చేతే పదిసార్లు చెప్పించి నవ్వుకునేది, రాయలసీమ వాడిని బాంబులేస్తావా అని అడిగేది, నల్లగా ఉన్న అమ్మాయికి పేరు పెట్టి పిలిచేది, ఇవన్నీ ఇందులోకే వస్తాయి. మన రాష్ట్రం చట్టం అయితే ఇంకా పాతది, 1997 నాటి 26వ చట్టం. అందులో అవమానం, భయం, బెదిరింపు కలిగించేది, కలిగించే అవకాశం ఉన్నది ఏదైనా ర్యాగింగే. ఏడిపించి అవమానిస్తే ఆరు నెలల దాకా జైలు, కొట్టినా చెయ్యి చేసుకున్నా ఏడాది దాకా, గదిలో పెట్టి నిర్బంధించినా గాయం చేసినా రెండేళ్ళ దాకా, పెద్ద గాయమైతే ఐదేళ్ళ దాకా. కాలేజీ నుంచి తీసేయడం దీనికి అదనం.

సరే, చట్టం ఉంది, రూల్ ఉంది. మరి పిల్లలు ఎందుకు చెప్పరు? ఇక్కడ మా ఇంట్లో జరిగింది రాస్తాను, కాలేజీ పేరు రాయను, ఎందుకంటే ఆ ఒక్క కాలేజీని తిట్టడం నా ఉద్దేశం కాదు, చాలా చోట్ల ఇదే జరుగుతోంది.

మా అక్క కొడుకు, నరసరావుపేట దగ్గర పల్లె. బీటెక్‌లో చేరి కాలేజీ బయట ప్రైవేట్ హాస్టల్లో ఉన్నాడు. రాత్రి పదింటికి పై ఫ్లోర్ నుంచి పిలుపొచ్చేదంట. ఇంట్రో ఇవ్వరా అంటారు, చూపు చొక్కా మూడో గుండీ మీదే ఉండాలి, తల ఎత్తకూడదు, తప్పు పలికితే గోడ కుర్చీ. బిర్యానీకి ఫోన్‌పే కొట్టరా అంటారు. మీ నాన్న ఏం చేస్తాడ్రా అని అడిగి, గొర్రెలు కాస్తాడు అని చెప్తే గొర్రెలా అరువు అన్నారంట. అక్క రోజూ ఫోన్ చేస్తే బాగానే ఉన్నానమ్మా అనేవాడు. ఒకరోజు ఇక వల్లకాక వాళ్ళ డిపార్ట్‌మెంట్ హెడ్, అదే హెచ్‌ఓడీ, దగ్గరికెళ్ళి చెప్పాడు. ఆయన అడిగిన మొదటి మాట, నువ్వేం అన్నావురా వాళ్ళని? పేర్లు చెప్పమంటే చెప్పాడు. ఆ సాయంత్రం వాడు హాస్టల్‌కి వెళ్ళేసరికి ఆ పేర్లున్న వాళ్ళు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు, కంప్లైంట్ ఇచ్చావంట కదా అని. ఒక్క పూటలో ఎలా తెలిసింది వాళ్ళకి? ఆ గదిలో ఉన్నది హెచ్‌ఓడీ, మావాడు, అటెండర్.

మర్నాడు మా బావని పిలిపించారు. నేనూ వెంట వెళ్ళాను. గదిలో సీనియర్ల నాన్నలు ముందే వచ్చి కూర్చుని ఉన్నారు, టీ తాగుతున్నారు. మా బావ పంచె మీద వచ్చాడు, ఎవరూ కూర్చోమనలేదు, అంతసేపూ నిలబడే ఉన్నాడు. మీవాడు సెన్సిటివ్ అండి అన్నారు. కాలేజీ అన్నాక మామూలే అన్నారు. కేసంటే మీవాడు కూడా పోలీస్ స్టేషన్ చుట్టూ, కోర్టు చుట్టూ తిరగాలి, చదువు పోద్ది అన్నారు. చివరికి తెల్లకాయితం ఇచ్చి మావాడి చేతే రాయించారు, అపార్థం వల్ల ఫిర్యాదు చేశాను, నాకు ఎవరి మీదా కంప్లైంట్ లేదు అని. కింద మా బావ సంతకం. సీనియర్లు చెయ్యి కలిపి సారీ బ్రదర్ అన్నారు, అంతా నవ్వుతూ లేచారు. ఆ తర్వాత మావాడి పక్కన క్లాస్‌లో కూర్చోడానికి సొంత బ్యాచ్ వాళ్ళే భయపడ్డారు, వీడితో మాట్లాడితే మనకీ పడుద్దని. వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు, ఇంటర్నల్ ఎగ్జామ్ డేట్ మారిన సంగతి కూడా వాడికి తెలియలేదు. నెల తిరక్కుండా హాస్టల్ ఖాళీ చేసేశాడు, కట్టిన డబ్బులు వెనక్కి రాలేదు, ఇప్పుడు రోజూ ట్రైన్ మీద వచ్చి పోతున్నాడు, చీకటితో లేచి.

ఇప్పుడు చెప్పండి, ఇది చూసిన మిగతా ఫస్టియర్ పిల్లలు ఏం నేర్చుకుంటారు? మీ ఫ్లెక్సీ మీద నంబర్ ఎంత పెద్ద అక్షరాలతో రాసినా ఎవడన్నా ఫోన్ చేస్తాడా? మా కాలేజీలో అసలు కంప్లైంట్లే లేవండి అని మీరు ప్రతి ఏడూ మీటింగుల్లో చెప్తుంటారు, కంప్లైంట్ లేకపోవడం వేరు, చెప్పడానికి భయపడటం వేరు కదండి.

ఇంకో మాట, ఇది మీకు కోపం తెప్పించినా సరే రాయాలి. రాజీ చేసే అధికారం మీకు లేదు. 2009 రెగ్యులేషన్స్ ప్రకారం సమాచారం రాగానే అది చట్టం కిందకొచ్చే నేరమా కాదా చూసి, అయితే 24 గంటల్లో ఎఫ్ఐఆర్ పెట్టించాల్సింది కాలేజీ హెడ్, అంటే మీరే. పిల్లాడి నాన్న వచ్చి వద్దు సార్ అన్నా మీ బాధ్యత పోదు. చెప్పినవాళ్ళ పేరు బయటికి రానివ్వకూడదు, చెప్పారన్న కారణంతో వాళ్ళకి ఏ నష్టం జరగకూడదు అని కూడా అందులోనే ఉంది. ఇక 1997 చట్టంలో అయితే, కంప్లైంట్ వచ్చాక పట్టించుకోకపోయినా నిర్లక్ష్యం చేసినా ఆ కాలేజీ హెడ్డు, మేనేజ్‌మెంట్ ర్యాగింగ్‌కి సహకరించినట్టే లెక్క, ర్యాగింగ్ చేసినవాడికి ఏ శిక్షో వాళ్ళకీ అదే. అంటే ఆ తెల్లకాయితం కాలేజీని కాపాడదు అండి, రేపు జరగరానిది జరిగితే మీకు ముందే తెలుసు అనడానికి అదే సాక్ష్యం అవుద్ది.

జరగరానిది అంటే ఎక్కడో ఉత్తరాదిన మాత్రమే జరుగుద్ది అనుకోకండి. 2009 మార్చిలో హిమాచల్‌లో ఒక మెడికో సీనియర్ల దెబ్బలకి చనిపోయాడు, దేశమంతా మాట్లాడుకుంది. అదే నెలలో మన బాపట్లలో అగ్రికల్చరల్ ఇంజినీరింగ్ చదివే ఒక అమ్మాయి సీనియర్ల వేధింపులు తట్టుకోలేక ప్రాణం తీసుకోబోయింది, ఆ రెండింటినీ సుప్రీంకోర్టు పట్టించుకుంది, ఆ ఏడాదే హెల్ప్‌లైన్, ఈ రెగ్యులేషన్స్ అన్నీ వచ్చాయి. అంటే దేశం మొత్తం పాటించే రూల్స్ రావడానికి మన బాపట్లలో చదివిన పిల్ల కన్నీళ్ళు కూడా ఒక కారణం. 2015 జూలై 14న నాగార్జున యూనివర్సిటీ హాస్టల్లో ఆర్కిటెక్చర్ ఫస్టియర్ అమ్మాయి చనిపోయిన రోజు గుంటూరులో ఉన్నవాళ్ళెవరూ మర్చిపోలేరు, గవర్నమెంట్ విచారణకి బాలసుబ్రహ్మణ్యం కమిటీ వేసింది, స్టూడెంట్లు రోడ్లెక్కారు, ఆ తల్లిదండ్రులు న్యాయం కావాలని ఏళ్ళ తరబడి తిరిగారు. హైవే మీద విజయవాడ వెళ్తూ ఆ క్యాంపస్ దాటినప్పుడల్లా నాకు ఆ పిల్లే గుర్తొస్తది. 2024 జూలైలో నరసరావుపేటలో ఒక కాలేజీ హాస్టల్లో ఎన్‌సీసీ ట్రైనింగ్ పేరు చెప్పి జూనియర్లని కర్రలతో కొడుతున్న వీడియో బయటికొచ్చింది. కొట్టింది అంతకు నెలల ముందు. వీడియో బయటికి రాకపోతే ఆ పిల్లలు ఎప్పటికీ నోరు విప్పేవాళ్ళు కాదేమో.

సీనియర్ పిల్లల భవిష్యత్తు ఏం కావాలి అని మీరడుగుతారు, నిజంగానే అడగాల్సిన ప్రశ్న. వాళ్ళూ మన పిల్లలే, ఇరవై ఏళ్ళకి అటూ ఇటూగా ఉన్నవాళ్ళు, వాళ్ళ నాన్నలు కూడా అప్పు చేసి చదివిస్తున్న వాళ్ళే. అందుకనే మొదట్లోనే ఆపమంటున్నా. ఎవడూ మొదటి రోజే కర్ర తియ్యడు. ముందు సర్ అని పిలవరా అంటాడు, ఎవరూ ఏమనరు, తర్వాత రికార్డు రాయిస్తాడు, ఎవరూ ఏమనరు, తర్వాత డబ్బులు, తర్వాత రాత్రి రూమ్‌కి పిలుపు. రికార్డు దగ్గర పట్టుకుంటే కొన్నాళ్ళు క్లాసుల నుంచి సస్పెన్షన్‌తోనో హాస్టల్ నుంచి పంపించడంతోనో పోద్ది, రెగ్యులేషన్స్‌లో ఆ చిన్న శిక్షలు అందుకే పెట్టారు. అక్కడ వదిలేస్తే ఒకటి నుంచి నాలుగు సెమిస్టర్లు కాలేజీకి రానివ్వకుండా పంపేసే రస్టికేషన్ దాకా, పూర్తిగా తీసెయ్యడం దాకా, జైలు దాకా పోద్ది. ఆరు నెలలకి మించి శిక్ష పడితే ఇంకో కాలేజీలో కూడా చేర్చుకోకూడదని మన చట్టం. వదిలేసి సీనియర్‌కి మేలు చేశామని మీరు అనుకుంటారు గానీ వాడికి అంతకంటే కీడు లేదు. పైగా ఈ ఏడు గోడ కుర్చీ వేసిన వాడే వచ్చే ఏడు వేయిస్తాడు, మేం పడలేదా అంటాడు. పడ్డప్పుడు మీరు వాడి తరఫున నిలబడి ఉంటే ఆ మాట రాదు.

జూనియర్లు సీనియర్లు కలవాలి కదా, పరిచయాలు లేకపోతే ఎలా అంటారు ఇంకొందరు. కలవొద్దని ఎవరన్నారండి. నా షాపుకే ఒక థర్డియర్ అమ్మాయి వస్తది, ఫస్ట్ సెమ్‌కి వచ్చిన పాత ప్రశ్నాపత్రాలన్నీ సబ్జెక్టు వారీగా సర్ది, వాళ్ళ హాస్టల్లో కొత్త పిల్లలకి సరిపోను కాపీలు తీయించి స్పైరల్ వేయించి పట్టుకెళ్తది. డబ్బులు అందరి దగ్గరా తలా కాస్త వేసుకున్నాం అంకుల్ అంటది. పక్కన ఒక ఫస్టియర్ పిల్ల సంచీ పట్టుకుని నిలబడి అక్కా మ్యాథ్స్ ఎమ్1 ఎలా గట్టెక్కాలి అని గలగలా మాట్లాడుతుంటది, కళ్ళలోకి చూసి మాట్లాడుతుంటది. రెగ్యులేషన్స్‌లో ఆరుగురు ఫ్రెషర్లకి ఒక మెంటార్ అని పెట్టింది కూడా ఇలాంటి వాళ్ళ కోసమే. మీ కాలేజీలో ఇలాంటి సీనియర్లు కచ్చితంగా ఉన్నారు, వాళ్ళని వెతికి ఆ పని అప్పజెప్పండి, స్టేజీ మీద పిలిచి శాలువా కప్పండి.

బయట హాస్టళ్ళ గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం రాసి దండగ. క్యాంపస్ లోపల సీసీ కెమెరాలు పెట్టారు, యాంటీ ర్యాగింగ్ స్క్వాడ్ తిరుగుద్ది, బాగుంది. పిల్లలు సాయంత్రం ఐదింటికి కాలేజీ బస్సు దిగి బ్రాడీపేట లైన్లలోకి, కానూరు, పోరంకి, గోరంట్ల, పెదకాకాని సందుల్లో హాస్టళ్ళలోకి పోతారు, అసలు కథ అక్కడ మొదలవుద్ది. దానికీ మాకూ సంబంధం లేదు, అది ప్రైవేట్ హాస్టల్ అంటారు మీరు. హాస్టల్ ఓనర్‌ని అడిగితే కాలేజీ వాళ్ళు చూసుకోవాలి అంటాడు. మధ్యలో పిల్లాడు. రూల్‌లో అయితే బయట నడిపే ప్రైవేట్ హాస్టళ్ళు, లాడ్జీలు లోకల్ పోలీస్ దగ్గర రిజిస్టర్ అవ్వాలని ఉంది. మీ ఫస్టియర్ పిల్లలు ఏ హాస్టల్లో ఏ ఫ్లోర్లో ఉన్నారో, అదే హాస్టల్లో మీ సెకండియర్ వాళ్ళు ఎంతమంది ఉన్నారో ఒక లిస్టు రాయించండి, ఒక్క రోజు పని. ఓనర్లని పిలిచి కూర్చోబెట్టి ఫస్టియర్‌ వాళ్ళని విడిగా ఒక ఫ్లోర్లో పెట్టమనండి. మీ లెక్చరర్లు ఇద్దరిద్దరు రాత్రి తొమ్మిదిన్నరకి పదింటికి చెప్పకుండా వెళ్ళి చూడండి, మధ్యాహ్నం వెళ్తే ఏమీ కనపడదు. వంట మనిషిని, వాచ్‌మెన్‌ని అడగండి, వాళ్ళకి తెలియనిది ఉండదు, ఎవడు అన్నం తినకుండా పడుకుంటున్నాడో వంటావిడకే ముందు తెలుస్తది. కాలేజీ బస్సు వెనక సీట్ల సంగతి డ్రైవర్‌ని అడగండి.

ఫోన్ కూడా మర్చిపోకండి. ఇప్పుడు సగం ర్యాగింగ్ వాట్సాప్‌లోకి వెళ్ళిపోయింది, అడ్మిషన్ అయిన రోజే జూనియర్ల నంబర్లు పట్టుకుని గ్రూపు కట్టేస్తారు, రాత్రి పన్నెండింటికి వాయిస్ మెసేజ్‌లో పాట పాడి పెట్టరా అంటారు, రిప్లై ఇవ్వకపోతే బాయ్‌కాట్. 2025లో యూజీసీ ఇలాంటి గ్రూపుల్లో వేధించడం కూడా ర్యాగింగ్ కిందే చూడాలని కాలేజీలకి చెప్పింది. అసలు ఆ పిల్లల నంబర్లు సీనియర్లకి ఎలా వెళ్తున్నాయో మీ అడ్మిషన్ సెక్షన్‌లో ఒకసారి విచారించండి.

ఇక నేను మిమ్మల్ని ప్రత్యేకంగా కోరేది సర్వే. మొదటి మూడు నెలలు పదిహేను రోజులకొకసారి ఫ్రెషర్లలో సర్వే చెయ్యాలని రెగ్యులేషన్స్‌లో ఉంది, చేస్తున్న కాలేజీ ఒక్కటీ నా కంట పడలేదు. పేరు లేకుండా, రోల్ నంబర్ లేకుండా, క్లాస్‌లో అందరికీ ఒకేసారి ఒక్క పేజీ ఇవ్వండి, అందరూ రాస్తే ఎవడు చెప్పాడో ఎవరికీ తెలియదు. ప్రశ్నలు సూటిగా ఉండాలి. నీ చేత ఎవరన్నా రికార్డు రాయించారా, డబ్బులు అడిగారా, రాత్రి రూమ్‌కి పిలిచారా, నీ ఊరు గురించి కులం గురించి ఎవరన్నా ఏమన్నా అన్నారా, ఏ హాస్టల్, ఏ బస్సు, ఇవి అడగండి. ర్యాగింగ్ జరిగిందా అని అడిగితే లేదనే రాస్తారు. పెన్నుతో రాస్తే చేతిరాత గుర్తుపడతారని భయం ఉంటది కాబట్టి టిక్ పెట్టేలా ఉండాలి. పేపర్లు ఆ డిపార్ట్‌మెంట్ వాళ్ళు కాకుండా వేరే వాళ్ళు తీసుకోవాలి. ఆ కాయితాలు ఎన్ని కావాలన్నా నేను పైసా తీసుకోకుండా వేసిస్తాను, మా లైన్లో ఇంకో ఇద్దరు షాపుల వాళ్ళు కూడా సరే అన్నారు.

కంప్లైంట్ వస్తే మాత్రం దయచేసి ఇలా చెయ్యండి. పిల్లాడిని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి వినండి, నువ్వేం చేశావు అని అడగొద్దు. ఆ రాత్రి వాడు ఎక్కడ పడుకుంటాడో ముందు తేల్చండి, అదే హాస్టల్‌కి తిరిగి పంపించొద్దు, పంపించాల్సింది అవతలి వాళ్ళని. వాళ్ళ నాన్నకి మీరే ఫోన్ చెయ్యండి, రమ్మనండి, కుర్చీ వెయ్యండి, అవతలి తల్లిదండ్రులతో ఒకే గదిలో పెట్టొద్దు. తెల్లకాయితాలు బయటికి తియ్యొద్దు. ఎవరు చేశారో తెలియకపోతే గుంపు మొత్తానికి శిక్ష వెయ్యొచ్చని రూల్ ఉంది, సాక్ష్యం లేదని చేతులు దులిపేసుకోవద్దు. తర్వాత పరీక్షలయ్యేదాకా వాడి పక్కన ఎవరు కూర్చుంటున్నారు, గ్రూపులో ఉన్నాడా లేడా, మెస్‌కి వస్తున్నాడా, ఇది చూసే పని ఒక లెక్చరర్‌కి పేరు పెట్టి అప్పజెప్పండి. మనసు బాగా చెదిరిపోయిన పిల్లలుంటే మానసిక ఆరోగ్యం హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి వాళ్ళ పక్కనే కూర్చుని మీరే ఫోన్ కలిపి ఇవ్వండి.

ఇది చదివే పిల్లలు, తల్లిదండ్రులు ఎవరన్నా ఉంటే వాళ్ళకి కూడా, యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522, రాత్రీ పగలూ పనిచేస్తది. ప్రాణం మీదకి వస్తే 112. హెల్ప్‌లైన్‌కి చేసిన కంప్లైంట్ మళ్ళీ ప్రిన్సిపాల్ గారి దగ్గరికే వస్తది కాబట్టి కంప్లైంట్ నంబర్ రాసుకోండి, స్క్రీన్‌షాట్లు, ఫోన్‌పే హిస్టరీ చెరిపెయ్యకండి, వారంలో కదలిక లేకపోతే కలెక్టర్ గారికి సోమవారం గ్రీవెన్స్‌లో ఇవ్వండి, జిల్లా యాంటీ ర్యాగింగ్ కమిటీ ఆయన ఆధ్వర్యంలోనే ఉంటది. కాయితం రాయడం రాకపోతే మా షాపుకి రండి, రాసిపెడతాను.

ప్రిన్సిపాల్ గారూ, ఒక్క పని మాత్రం ఈ సెమిస్టర్‌లోనే చేసి చూపించండి. దసరా సెలవులకి ముందు మీ నోటీసు బోర్డు మీద ఒక కాయితం పెట్టండి, పేర్లక్కర్లేదు, ఈ ఏడు ఇన్ని కంప్లైంట్లొచ్చాయి, ఇంతమందిని సస్పెండ్ చేశాం, ఇన్ని పోలీసులకి ఇచ్చాం అని. కంప్లైంట్లు కనపడితే కాలేజీ పేరు పోద్దని భయపడొద్దు, వచ్చే ఏడు మా అమ్మాయి ఇంటర్ అయిపోతది, వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు ఆ కాయితం పెట్టిన కాలేజీనే నేను మొదటి ఆప్షన్‌గా పెడతాను, నాకు తెలిసిన ప్రతి తండ్రికీ చెప్తాను.

ఇట్లు,
బ్రాడీపేట జిరాక్స్ షాపు ఆయన,
గుంటూరు